కొమ్ము కిందనా, పక్కనా?

హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద నకిరేకల్ దాటి సూర్యాపేట వైపు సాగితే కేతేపల్లి వస్తుంది. బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాళ్లకు ఊరి పేరు బోర్డు రెండు మూడు క్షణాలకు మించి కంటపడదు. అయినా చదవడం అయిపోతుంది. అడ్డంగా లారీ వచ్చి బోర్డులో సగం మూసేసినా సరే, పక్కపక్కన లేచిన రెండు ఏత్వాలు, చివర కింద వేలాడే ఒక వత్తు కనపడితే, ఈ దారి ఎరిగినవాళ్లకు ఊరి పేరు దొరికిపోతుంది.

ఆ పేరులో ఎన్ని ముక్కలున్నాయి? పలికేవాళ్లకు నాలుగు అక్షరాలు: కే, తే, ప, ల్లి. పలక మీద దిద్దే పిల్లవాడికి తొమ్మిది: క, దాని ఏత్వం, త, దాని ఏత్వం, ప, దాని తలకట్టు, ల, దాని గుడి, కింద ల వత్తు. కాగితం మీద అచ్చయిన సిరాను మాత్రమే చూసే యంత్రానికి ఆరు. కే ఒక ముక్క, తే ఒక ముక్క. ప ఒళ్లు ఒక ముక్క, దాని మీద అంటీ అంటనట్టు నిలిచిన తలకట్టు మరొకటి. లి ఒకటి, వత్తు ఒకటి. కంప్యూటర్ అక్షర సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో, 1991లో వచ్చిన మొదటి కూర్పు నుంచీ తెలుగుకు చోటుంది. ఆ లెక్కలోనూ కేతేపల్లి తొమ్మిదే, కాని అవి వేరే తొమ్మిది. అందులో తలకట్టుకు సంకేతమే లేదు. వత్తుకు మాత్రం రెండు కావాలి, ఒక పొల్లు, ఒక ల.

ఒక్క ఊరి పేరుకు ఇన్ని లెక్కలు ఎందుకు వచ్చాయన్నది చిన్న ప్రశ్న కాదు. మనిషి కన్ను ఒక వస్తువును ఒక్కసారిగా నిండుగా గుర్తుపడుతుందా, ముక్కలుగా చూసి కలుపుకుంటుందా అని మనస్తత్వ శాస్త్రవేత్తలు, కంప్యూటర్ శాస్త్రవేత్తలు అరవై ఏళ్లకు పైగా తర్జనభర్జన పడుతున్నారు. తెలుగు నేల మీద ఆ ప్రశ్నకు బడిలో ఒక జవాబు ఎప్పటినుంచో ఉంది. దానికి సిద్ధాంతమని పేరు లేదు, గుణింతమని ఉంది.

నిజాం కాలంలో నల్లగొండ, పాలమూరు జిల్లాల సర్కారు బడుల్లో చదువు ఉర్దూలో సాగేది. తెలుగు నేర్వాలంటే వీధిబడి, ఖాన్గీ బడి, లేదంటే ఇంట్లో చదువు వచ్చిన పెద్దలు. నేల మీద ఇసుక పోసి వేలితో ఓనమాలు దిద్దించేవారు, తర్వాత పలకా బలపం. అక్షరాలు వచ్చాక గుణింతం మొదలు. క కు తలకట్టిస్తే క, క కు దీర్ఘమిస్తే కా, క కు గుడిస్తే కి, క కు కొమ్మిస్తే కు. పిల్లలంతా ఒక్క గొంతుతో, చేత్తో దిద్దుతూ, నోటితో పలుకుతూ. ఇందులో శబ్దం ఎంత ఉందో చూపు కూడా అంతే ఉంది. ప్రతి వాక్యంలోనూ మూడు సంగతులున్నాయి: ఒళ్లు ఏది, దానికి తగిలించే భాగం ఏది, రెండూ కలిస్తే ఏమవుతుంది.

ఆ భాగాల పేర్లు ఎక్కడినుంచి వచ్చాయో చూస్తే ముచ్చటేస్తుంది. తలకట్టు అంటే తలకు చుట్టిన పాగా. గుడి అంటే వలయం, చంద్రుడి చుట్టూ కట్టే గుడి లాంటిది. కొమ్ము ఎద్దుది. సుడి నీటిది. పొల్లు కళ్లంలో తూర్పారబడితే గాలికి పోయే తాలు గింజ. అచ్చు లేని హల్లుకు, లోపల గింజ లేని పొట్టుకు ఒకటే పేరు పెట్టిన వాళ్లు వ్యవసాయం ఎరిగినవాళ్లే అయ్యుంటారు. కంటికి కనపడే ప్రతి వంపుకూ ఇంటిపేరు లాంటి పేరొకటి పెట్టి, ఆ పేర్లతోనే అక్షరాన్ని కట్టడం నేర్పే పద్ధతి ఇది. ఆంగ్ల లిపిలోని బి అనే అక్షరానికి ఉన్న పొట్టలకు పిల్లలందరూ బడిలో వల్లించే పేర్లు లేవు. తెలుగులో ఉన్నాయి.

భాగాల పేర్లు తెలిస్తే సరిపోదు, అవి ఎక్కడ ఉన్నాయో కూడా తెలియాలి. దీనికి తెలుగు లిపిలో ఒక చక్కని సాక్ష్యం ఉంది. కు, గు, తు, ను అన్నింటిలోనూ కొమ్ము అక్షరానికి కుడిపక్కన తగులుతుంది. పు, ఫు, వు దగ్గరికొచ్చేసరికి అది అడుగునుంచి మొదలవుతుంది. ఎందుకని? వ రాసి దానికి పక్కనే కొమ్ము తగిలించి చూస్తే జవాబు దొరుకుతుంది. అది వు కాదు, మ అయి కూర్చుంటుంది. అదే ఒళ్లు, అదే కొమ్ము. పక్కన ఉంటే మ, కింద ఉంటే వు. ఈ సర్దుబాటు ఒక్క వ్యక్తి చేసింది కాదు, తరాల తరబడి రాసిన చేతులు, చదివిన కళ్లు కలిసి చేసుకున్నది.

1987లో అమెరికాలోని బఫలో విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త ఇర్వింగ్ బీడర్మన్ ఇదే మాటను వస్తువుల గురించి చెప్పాడు. చాయ్ కప్పు, బకెట్ తీసుకోండి. రెండింటిలోనూ ఉన్నవి ఒక గొట్టం లాంటి ఒళ్లు, ఒక వంపు తిరిగిన పిడి. పిడి పక్కన ఉంటే కప్పు, పైన ఉంటే బకెట్. మనిషి కన్ను ప్రతి వస్తువునూ ఇలాంటి సాదా ఘనాకారాలుగా విడగొట్టుకుంటుందని ఆయన సిద్ధాంతం. ఇటుక, గొట్టం, శంకువు, వంగిన గొట్టం వంటి ఆ ఆకారాలకు జియాన్లు అని పేరు పెట్టి, మొత్తం 36కు మించి అక్కర్లేదన్నాడు. ఆంగ్ల భాషలోని మాటలన్నీ నలభై నాలుగు ధ్వనులతో పుడుతున్నప్పుడు, వస్తువులన్నీ కొన్ని పదుల ఆకారాలతో ఎందుకు పుట్టకూడదని ఆయన అడిగాడు. చూపుకూ ఒక వర్ణమాల ఉందన్న ఆ పోలిక గుణింతం వల్లించిన వాళ్లకు కొత్తగా అనిపించదు.

ఆయన చేసిన ప్రయోగాల్లో ఒకటి ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు. ఒక వస్తువు బొమ్మను గీతలతో వేసి, గీతల్లో కొంత చెరిపేయాలి. గీత నడుమ చెరిపితే, బొమ్మలో చాలా భాగం పోయినా, మనిషి వస్తువు పేరు చెప్పగలుగుతాడు. అంతే మేరకు గీతను రెండు భాగాలు కలిసే మూలల దగ్గర చెరిపితే మాత్రం, ఎంతసేపు చూసినా అదేమిటో తోచదు. భాగాలు ఎక్కడ కలుస్తున్నాయన్నదే కంటికి కీలకం. వు, మ ల మధ్య తేడా ఉన్నది సరిగ్గా ఆ అతుకు దగ్గరే.

అయితే అన్ని గుర్తింపులకూ అతుకు అక్కర్లేదు. కేతేపల్లి మండలంలోనే కొర్లపహాడ్ టోల్‌ప్లాజా ఉంది, సంక్రాంతికి కార్ల బారులతో ఏటా వార్తల్లోకి ఎక్కేది. జాతీయ రహదారుల రుసుము నిబంధనలు 2008లో వాహనాలను తరగతులు చేశాయి. కారు, జీపు ఒకటి. చిన్న సరుకు బండి, మినీబస్సు మరొకటి. బస్సు, లారీ ఇంకొకటి. అంతకంటే పెద్దవాటికి ఇరుసుల లెక్కే కొలత: అప్పట్లో మూడు నుంచి ఆరు ఇరుసులు ఉంటే ఒక రేటు, ఏడు అంతకు మించితే ఇంకో రేటు ఉండేది. టోల్ వసూలు చేసేవాళ్ల కంటికైనా, దారిలో పాతిన పరికరానికైనా పని ఒకటే, ముక్కలు లెక్కపెట్టడం. ఆరు ఇరుసులను ఎటు సర్దినా ఆరే. అక్షరం అలా కాదు. తెలుగు అక్షరాన్ని చదవగల యంత్రానికి ముక్కల లెక్క ఒక్కటే చాలదు, వాటి చోటూ తెలియాలి.

యంత్రాల కంటే ముందు, అరిగిపోయిన అక్షరాలను ముక్కలనుంచి తిరిగి కట్టిన మనుషులు ఉన్నారు. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు గుళ్లున్నాయి, వాటి శాసనాలున్నాయి. 1208 నాటి గణపతిదేవుడి శాసనం వాటిలో ఒకటి. శాసనం చదివేవాళ్లు రాయి ముందు కూర్చుని నేరుగా చదవరు. తడిపిన కాగితాన్ని రాతికి అంటించి, బ్రష్షుతో కొట్టి, అక్షరాల పల్లాల్లోకి దిగేలా చేసి, పైన సిరా అద్దుతారు. కాగితం ఆరాక నల్లటి నేల మీద తెల్లటి అక్షరాలు వస్తాయి. రాయి పెచ్చులూడిన చోట అక్షరంలో సగమే వస్తుంది. అప్పుడు మిగిలిన వంపును పట్టుకుని, అటూ ఇటూ ఉన్న అక్షరాలను, ఆ కాలపు భాషను, దానాల శాసనాల్లో మామూలుగా వచ్చే మాటలను ఒరుసుకుంటూ పోయినదేమిటో తేల్చాలి. దీనికి ఇంకో చిక్కుంది. పాత శాసనాల్లో ఎత్వానికీ ఏత్వానికీ వేరు గుర్తులు లేవు. ఈనాటి బోర్డులో లేచి కనపడే రెండు ఏత్వాలను ఆ రాతి మీద చెక్కి ఉంటే, అవి హ్రస్వాలో దీర్ఘాలో చదివేవాళ్లే నిర్ణయించుకోవాల్సి వచ్చేది. అంటే భాగాలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా చదువు పూర్తి కాదు. భాష తెలియాలి.

ఆ శాసనాల నాటికి కన్నడం, తెలుగు ఇంకా ఒకే లిపి నుంచి విడిపోతున్న దశలో ఉన్నాయి. తర్వాత తెలుగు తలకట్టు కొస పైకి లేచింది, కన్నడ తలకట్టు అడ్డంగా సాగింది. కన్నడిగులూ దాన్ని తలెకట్టు అనే అంటారు. మక్తల్, నారాయణపేట వైపువాళ్లు రాయచూరు బస్సు బోర్డును కూడబలుక్కుని చదవగలగడానికి కారణం, ఒళ్లు అదే ఉండి పాగా మాత్రమే మారడం.

అచ్చు వచ్చాక ముక్కలు సీసంగా మారాయి. తెలుగు అచ్చు మొదట పుట్టింది తెలుగు నేల మీద కాదు, 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ పూనికతో. నల్లగొండకు అది సొంత పత్రికగా చేరడానికి దాదాపు 180 ఏళ్లు పట్టింది. 1922లో షబ్నవీసు వెంకటరామనరసింహారావు నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1926 మే 10న పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో హైదరాబాద్ నుంచి ‘గోలకొండ’ పత్రిక మొదలైంది. ఉర్దూ రాజ్యమేలే చోట తెలుగు అక్షరం కళ్లకు కనపడటమే ఒక ఉద్యమమైన రోజులవి. ఆ పత్రికల వెనుక కంపోజిటర్లున్నారు. వత్తులకు వేరే గళ్లు, గుణింతాలకు వేరే గళ్లు ఉన్న కేసుల ముందు నిలబడి, తలకిందులుగా ఉన్న సీసపు ముక్కలను వేలికొసలతో ఏరి, అద్దంలో చూసినట్టు తిరగబడ్డ వరుసలు పేర్చిన వాళ్లు. అక్షరాన్ని భాగాలుగా ఎరగడంలో వాళ్లకంటే గట్టివాళ్లు ఉండరు, వాళ్లలో ఎక్కువమంది పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

టైప్‌రైటర్ ఆ ముక్కలను ఇంకా చిన్నవి చేసింది. ఉన్న కొద్ది మీటలతో వేల అక్షరాలు కొట్టాలి కనుక, ఒళ్లు ఒక మీట, తలకట్టు ఇంకో మీట, గుడి మరొకటి. కొన్ని మీటలు కొడితే బండి కదలదు, తర్వాతి ముక్క సరిగ్గా అదే చోట పడాలి కదా. గుణింతం వల్లించిన పిల్లవాడే పెద్దయ్యాక టైపిస్టయి వేళ్లతో మళ్లీ అదే గుణింతం చేశాడు. తర్వాత వచ్చిన డీటీపీ ఫాంట్లూ ఈ బాటలోనే నడిచాయి.

రాయడానికి ముక్కలు కలపడం ఒక పని. ఉన్న అక్షరంలోంచి ముక్కలు విడదీసి గుర్తుపట్టడం పూర్తిగా ఎదురు దిక్కున సాగే పని. దాన్ని యంత్రానికి నేర్పాలన్న ఆలోచన 1950ల చివర్లో బలపడింది. అమెరికా పరిశోధకుడు ఆలివర్ సెల్‌ఫ్రిడ్జ్ 1959లో ప్రచురించిన పాండెమోనియం అనే నమూనాలో దయ్యాల గుంపొకటి ఉంటుంది. కింది వరుస దయ్యాల్లో ఒకటి నిలువు గీత కనపడితే అరుస్తుంది, ఒకటి అడ్డగీతకు అరుస్తుంది, ఒకటి వంపుకు. పై వరుస దయ్యాలు ఒక్కొక్కటి ఒక్కో అక్షరానికి కాపలా. తమ అక్షరంలోని భాగాల అరుపులు ఎంత గట్టిగా వినపడితే అవి అంత గట్టిగా అరుస్తాయి. అందరికంటే పైనున్న దయ్యం ఆ గోలలో ఎవరి గొంతు పెద్దదో విని తీర్పు చెబుతుంది. 1973లో ఫిష్లర్, ఎల్‌ష్లాగర్ అనే ఇద్దరు, భాగాల మధ్య స్ప్రింగులు ఉన్నట్టు ఊహించారు. ముఖంలో కళ్లు, ముక్కు, నోరు ఒకదానికొకటి స్ప్రింగులతో కట్టి ఉంటాయి. కొద్దిగా జరిగితే ఫరవాలేదు, మరీ లాగితే అది ముఖం కాదు. భాగం, చోటు అనే రెండు మాటలనూ గణితంలో పెట్టిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి.

తెలుగు అక్షరం వంతు 1977లో వచ్చింది. ఎస్.ఎన్.ఎస్. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు అచ్చు తెలుగు అక్షరాలను గుర్తించే పద్ధతి మీద ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. దీక్షితులు ఆ తర్వాత హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన సంస్థకు డైరెక్టరుగా పనిచేశారు. ఉపగ్రహం పంపిన బొమ్మల్లో పంటలను, చెరువులను గుర్తుపట్టే విద్యకు దేశంలో అది కేంద్రం. ఆ పత్రంలో వాళ్లు తెలుగు అక్షరాలన్నింటినీ పరికించి 50 మూల ఆకారాలను ఏరారు. పని రెండు దశల్లో నడుస్తుంది. మొదట యంత్రం అక్షరంలో తనకు తెలిసిన మూలాకారం కోసం వెతుకుతుంది, దొరికితే దాన్ని ఒలిచి పక్కన పెడుతుంది. మిగిలిన ఒంటి మీద చుక్కచుక్కగా నడుస్తూ దాని వంపులను సంకేతాలుగా రాసుకుంటుంది. తర్వాత ఇదా అదా అని ప్రశ్నల కొమ్మల వెంట దిగుతూ అక్షరం పేరు చెబుతుంది. అలంకారాలు విప్పి ఒంటిని చూడటం, మళ్లీ అన్నీ తొడిగి పేరు చెప్పడం! బీడర్మన్ సిద్ధాంతానికి ఇది పదేళ్లు ముందు. తెలుగు గుణింతానికి మాత్రం చాలా వెనక.

తర్వాత చాలాకాలం పని నెమ్మదిగా సాగింది. కారణం లిపిలోనే ఉంది. ముప్పైఅయిదు హల్లులు, ముప్పైఅయిదు వత్తులు, పదిహేను గుణింతాలు అనుకుంటే, ఒక్కో హల్లుకు ఒక్కో వత్తు తగిలించినా 18,375 ఆకారాలు అవుతాయి. అన్నీ వాడుకలో లేకపోయినా, వాడేవే వేలల్లో ఉంటాయి. ఒక్కో ఆకారాన్నీ విడిగా నేర్పుతూ పోతే యంత్రానికి చదువు ముగియదు. 1995లో సుఖస్వామి, సీతారాములు, పూజారి, మెదడు కణాల అల్లికను పోలిన న్యూరల్ నెట్‌వర్కుతో ఒక ప్రయత్నం చేశారు.

మలుపు 2001లో వచ్చింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, మరో సహచరుడు అమెరికాలోని సియాటిల్‌లో జరిగిన ఒక సదస్సులో ఒక మార్గం చూపించారు. పలికేవాళ్ల లెక్కతోనూ, బడి లెక్కతోనూ పని లేకుండా, కాగితం మీద సిరా ఎక్కడెక్కడ తెగకుండా ఒకటిగా ఉందో అదే ఒక ముక్క అన్నారు. కేతేపల్లిని ఆరు చేసే లెక్క అదే. ఇలా చూస్తే వేల అక్షరాలన్నీ 370 ముక్కల్లోకి ఒదిగాయి. ప్రతి ముక్కకూ ఒక అచ్చు నమూనా ఉంటుంది. కొత్త ముక్కను ఆ నమూనాల మీద పారదర్శక కాగితంలా పరిచి, ఇందులోని ఒక్కో నల్ల చుక్కకు అందులోని దగ్గరి నల్ల చుక్క ఎంత దూరమో కొలిచి, మొత్తం దూరం తక్కువ ఉన్నదాన్ని ఎంచుకోవడం. ఫాంటు కొద్దిగా మారినా, గీత లావెక్కినా ఈ కొలత పెద్దగా చెదరదు. ఖచ్చితత్వం సుమారు 92 శాతం వచ్చింది. వినడానికి ఎక్కువే. కాని వెయ్యి ముక్కలున్న పేజీలో ఎనభై తప్పులంటే, దిద్దడానికి కూర్చున్న మనిషికి ప్రతి వరుసలోనూ పని తగులుతుంది.

ఆ రోజుల్లోనే ఈ పని అవసరం పెరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసే బృహత్ప్రయత్నానికి ముందు నిలిచారు. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ అందులో ఒక కేంద్రం. స్కాన్ చేసిన తెలుగు పుస్తకం కంప్యూటర్‌కు పుస్తకం కాదు, ఫొటో. అందులో ఒక మాట వెతకాలంటే ముందు ఎవరో ఒకరు అక్షరాలను గుర్తుపట్టాలి.

ఇంతలో ఇంకో దారి వెడల్పయింది. జపాన్‌కు చెందిన కునిహికో ఫుకుషిమా 1980లోనే, పిల్లి మెదడులో గీతలకు స్పందించే కణాల మీద హ్యూబెల్, వీజెల్ చేసిన పరిశోధనల స్ఫూర్తితో, పొరలు పొరలుగా చూసే యంత్రాన్ని రూపొందించాడు. కింది పొరలు చిన్న గీతలను పట్టుకుంటాయి, నడిమి పొరలు వాటిని ముక్కలుగా కలుపుతాయి, పై పొర పూర్తి ఆకారానికి పేరు పెడుతుంది. ఏ ముక్కలు వెతకాలో మనిషి చెప్పనక్కర్లేదు. 1989లో యాన్ లకూన్ ఈ దారిలో చేతిరాత అంకెలు చదివించాడు. 2012లో టొరంటో బృందం లక్షలాది ఫొటోల మీద నేర్పిన ఇలాంటి పొరల నెట్‌వర్కు పాత పద్ధతులన్నింటినీ వెనక్కి నెట్టింది. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి రాకేశ్ ఆచంట, ట్రెవర్ హేస్టీ తెలుగు అక్షరాలకు ఆ విద్యను వర్తింపజేశారు. ముక్కలను గుర్తించే పని లోతైన నెట్‌వర్కుది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క రావడానికి వీలుందో లెక్కగట్టే భాషా నమూనా దాని పక్కన నిలబడి తప్పు సరిచేస్తుంది. శాసనం చదివేవాళ్లు అటూ ఇటూ చూసి పోయిన అక్షరాన్ని తేల్చుకున్న పనికి ఇది దగ్గరి చుట్టం.

మరి మనిషి మెదడులో ఏం జరుగుతోంది? దీన్ని తెలుగు చదివేవాళ్ల మీదనే పరీక్షించిన ప్రయోగం ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్.పి. అరుణ్, ఆకాశ్ అగర్వాల్, కె.వి.ఎస్. హరి 2019లో దాని ఫలితాలు ప్రచురించారు. తెలుగు ధారాళంగా చదువుతూ మలయాళం రానివాళ్లు ఒక జట్టు, మలయాళం చదువుతూ తెలుగు రానివాళ్లు ఇంకో జట్టు. తెర మీద ఒకే రకం అక్షరాల నడుమ వేరుగా ఉన్న ఒక్కదాన్ని వెతికి పట్టుకోవాలి. తెలుగు తెర వచ్చినప్పుడు మలయాళీ కళ్లకు అవి వట్టి బొమ్మలు. మలయాళం తెర వచ్చినప్పుడు తెలుగు కళ్ల పరిస్థితి అదే. ఒకే ప్రయోగంలో ప్రతి జట్టూ రెండో జట్టుకు తూనిక.

చదువు వచ్చినవాళ్ల మెదడులో అక్షరాల జంటకు కొత్తగా ఒక ముద్దబొమ్మ తయారవుతుందేమోనన్నది ఒక ఊహ. తేలింది దానికి ఎదురు. చదవడం వచ్చినవాళ్లు ఒక్కో అక్షరాన్నీ మరింత స్పష్టంగా వేరు చేయగలుగుతున్నారు, జంటలో ఒక అక్షరం రెండోదాని మీద నీడ వేయడం తగ్గుతోంది. ఆ నీడ ఎంత తగ్గిందన్నదాన్ని బట్టి మనిషి ఎంత ధారాళంగా చదువుతాడో అంచనా వేయగలిగారు. మెదడును స్కాన్ చేస్తే, వస్తువులను గుర్తుపట్టే ఒక ప్రాంతంలో, జంటకు వచ్చే స్పందన విడి అక్షరాల స్పందనల నుంచి తేలిగ్గా లెక్కకు అందింది. చదువు కన్నుకు నేర్పేది కలిపి ముద్ద చేయడం కాదు, కలిసి ఉన్నా విడివిడిగా చూడటం. ఈ ప్రయోగం అక్షరాల జంటల గురించినది, తలకట్టు కొమ్ముల గురించినది కాదు. అయినా ఒళ్లూ కొమ్మూ విడదీసి వల్లించిన వీధిబడి సరైన దిశలోనే నడిచిందని దీన్ని చదివాక అనిపించక మానదు.

అదే ప్రయోగశాల 2021లో యంత్రాల వైపు చూసింది. ఫొటోలను గొప్పగా గుర్తుపట్టే లోతైన నెట్‌వర్కులు మనిషిలాగే చూస్తున్నాయా? కొన్ని విషయాల్లో అవునని తేలింది. కొన్నింటిలో కాదు, వాటిలో ఒకటి సహజ భాగాలు. ఒక ఆకారాన్ని నడుము సన్నబడ్డ చోట, అంటే కీలు దగ్గర విడదీస్తే వచ్చే ముక్కలు మనిషికి సహజంగా తోస్తాయి. అడ్డదిడ్డంగా కోస్తే వచ్చేవి తోచవు. ఆ నెట్‌వర్కులకు ఈ తేడా మనిషికి ఉన్నట్టు లేదు. 2019లో జర్మనీ పరిశోధకులు పిల్లి ఆకారానికి ఏనుగు చర్మం తొడిగి చూపిస్తే మనుషులు పిల్లి అన్నారు, నెట్‌వర్కు ఏనుగు అంది. ఆకారం, భాగాలు వదిలేసి మేని నేత మీద ఆధారపడిందన్నమాట.

‘నీలగిరి’, ‘గోలకొండ’ల కాలపు అచ్చును ఈనాటి యంత్రం ముందు పెడితే, దానికి ఆ కాలం నాటి చిక్కు ఒకటి ఎదురవుతుంది. అప్పటి అచ్చులో ర కారాన్ని వత్తుతో కలిపి రాసే బదులు వలపలగిలక వాడేవారు. వలపల అంటే కుడివైపు. అక్షరం పైనో కిందో కాకుండా పక్కన నిలిచే ఆ గుర్తు రూపు అచ్చంగా తెలుగు తొమ్మిది అంకె లాంటిది. ధర్మము అన్న మాట ‘ధమ౯ము’ అని కనపడేది. దాన్ని ఎన్నడూ చూడని యంత్రం ధ, మ, తొమ్మిది, ము అని చదవడానికి వీలుంది. ముక్కలన్నీ సరిగ్గా పట్టుకున్నట్టే, మాట మాత్రం పోయింది. పాత పత్రికలను డిజిటల్ అక్షరాల్లోకి దించేవాళ్లు అక్కడ ఆగుతారు. తాతల నాటి పుస్తకాలు చదివిన అలవాటుతో, మ పక్కనున్న తొమ్మిదిని తీసేసి, ర రాసి దాని కింద మ వత్తు పెడతారు.